దగ్గరిదారి పట్టిన నది

బ్యాంకాక్‌లో మేం ఎక్కిన పడవ ఒకప్పుడు ధాన్యం మోసింది. ఎక్కగానే అక్క చెప్పులు విడిచి చెక్క మీద అరికాలు ఆనించింది. "టేకురా తమ్ముడూ, పెదనాన్న నావ గుర్తొస్తోంది" అంది. మా పెదనాన్నకు అమలాపురం కాలువ మీద కొబ్బరికాయలూ ధాన్యం బస్తాలూ వేసే నావ ఉండేది. గాలి పడిపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్లు. ఆ కాలువల మీదే నేను ముప్పై ఏళ్లు ఇరిగేషన్‌లో ఉద్యోగం చేశాను. అక్క పెడన అద్దకం ఇంటికి కోడలుగా వెళ్లింది. ఇద్దరం రిటైరు వయసు దాటాక, చావ్ ఫ్రయా నది మీద బ్యాంకాక్ నుంచి అయుత్థయ వరకు నింపాదిగా వెళ్లాలని బయల్దేరాం. రెండు పగళ్లు, ఒక రాత్రి. రైలెక్కితే అదే దూరం డెబ్బై ఒక్క కిలోమీటర్లు, పొద్దున బయల్దేరి టిఫిను వేళకి దిగిపోవచ్చు.

మా పడవలాంటివాటిని అక్కడ రువా క్రచేంగ్ అంటారు. రువా అంటే పడవ. క్రచేంగ్ అంటే ఆకులతో అల్లిన చాప. బియ్యం తడవకుండా ఆ చాపలను విల్లులా వంచి పైకప్పుగా వేసేవారు కాబట్టి ఆ పేరు నిలిచింది. అడుగు భాగం సగానికి కోసిన కొబ్బరి బుర్రలా గుండ్రంగా ఉంటుంది. వెనక కొసలో పడవవాళ్ల కాపురం, వంట, పిల్లలు. మధ్యదంతా ధాన్యం. 1855లో సయాం రాజు మోంగ్‌కుట్ ఇంగ్లీషువాళ్లతో బౌరింగ్ ఒప్పందం చేసుకున్నాక బియ్యం ఎగుమతికి తలుపులు తెరుచుకున్నాయి. బ్యాంకాక్ ఒడ్డున ఆవిరి మిల్లులు లేచాయి. ఎగువ పొలాల ధాన్యం ఈ టేకు పడవల్లోకి ఎక్కేది, వాటిని ఒకదాని వెనక ఒకటి కట్టి ఆవిరి లాంచీ లాక్కొచ్చేది. తర్వాత ఇనుప పడవలొచ్చాయి. టేకువి కొన్ని ఒడ్డున ఇళ్లయ్యాయి, కొన్ని హోటళ్లయ్యాయి, కొన్నిటికి మాలాంటివాళ్ల కోసం గదులు కట్టారు.

ముక్కు కొసన రంగు గుడ్డలు చుట్టి, పూలదండ వేసి ఉంది. అది మే యా నాంగ్ అనే పడవ దేవత చోటు. దాన్ని దాటకూడదని మా గైడు అమ్మాయి చెప్పింది. చెప్పక్కర్లేదు. ఏటా గంగమ్మ పండక్కి పెదనాన్న నావ ముక్కుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది మా ఇంటి ఆడవాళ్లే. అక్క రెండు చేతులూ జోడించి, దండ పక్కన తన జడలోంచి ఒక పువ్వు తీసి పెట్టింది. సరంగు చూసి తలవంచాడు.

పడవ కదిలాక నేను మ్యాపు పరిచాను. ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి, నదిని చూడగానే ముందు మెలికలు వెతుకుతాను. బ్యాంకాక్ నడిబొడ్డున, ఒక ఒడ్డున రాజభవనం, అవతలి ఒడ్డున వాట్ అరుణ్ గుడి ఉన్నచోట నది తిన్నగా సాగుతుంది. బొమ్మల్లో, పోస్టుకార్డుల్లో చూసే చావ్ ఫ్రయా అదే. ఆ ముక్క నది కాదు, మనుషులు తవ్విన కాలువ. 1534 నుంచి 1547 వరకు అయుత్థయను ఏలిన చైరాచా రాజు కాలంలో దాన్ని తవ్వారు. అసలు నది పడమటి వైపు పెద్ద గుర్రపునాడాలా తిరిగి, దాదాపు బయల్దేరిన చోటికే వచ్చి, మళ్లీ దక్షిణం పట్టేది. సముద్రం నుంచి వచ్చే ఓడలు ఆ మెలికంతా తిరగాలి. మెడ దగ్గర సన్నగా ఉన్న నేలను కోసి కాలువ తీశారు. పాత నది ఇప్పుడు బాంగ్‌కాక్ నోయ్, బాంగ్‌కాక్ యాయ్ అనే ఇరుకు కాలువలుగా మిగిలింది. తవ్విన కాలువే మహానది అయింది.

ఇలా ఎందుకవుతుందో మా లస్కర్లందరికీ తెలుసు. మెలిక చుట్టూ దిగాల్సిన మట్టమంతా కాలువలో కొద్ది దూరంలోనే దిగిపోతుంది. వాలు ఎక్కువ, వేగం ఎక్కువ. నీళ్లు గట్లను కోసుకుంటూ కాలువను ఏటికేడాది వెడల్పు చేసుకుంటాయి. ఇటు పాత పాయలో వేగం చచ్చిపోయి, ఒండ్రు దిగి, పూడుతుంది. నా ఉద్యోగంలో ఇది జరగకుండా కాపలా కాయడమే సగం పని. అక్కడ రాజులు అదే కావాలని కోరి చేయించారు. గుద్దలి పట్టినవాళ్లు మొదటి గాడి తీస్తే మిగతా తవ్వకమంతా నదే చేసుకుంది.

ఒక్కసారితో ఆగలేదు. థాయ్ భాషలో ఖ్లోంగ్ లాట్ అంటే దగ్గరిదారి కాలువ, ఖ్లోంగ్ ఓం అంటే చుట్టుదారి కాలువ. పైకి వెళ్తుంటే ఈ రెండు మాటలూ మ్యాపులో మళ్లీ మళ్లీ కనిపించాయి. 1636లో ప్రసాత్ థోంగ్ రాజు నొంథబురి దగ్గర ఇంకో మెలికను కోయించాడు. పాత నది ఖ్లోంగ్ ఓం అయింది. దగ్గరిదారి ఓడలకు ఎంత సుఖమో శత్రువులకూ అంతే. అందుకే 1665లో నరాయ్ రాజు అక్కడ కోట కట్టించి ఊరిని దాని దగ్గరికి మార్చాడు. 1722లో థాయ్ స రాజు ఇంకొంచెం పైన మూడోది తవ్వించాడు. ఆ మెలికలో ఇరుక్కున్న నేల చుట్టూ నీళ్లు చేరి లంక అయింది. దాని పేరు కో క్రెట్.

మధ్యాహ్నం కో క్రెట్ దగ్గర ఆగాం. లంక కొసన ఒక తెల్లని చిన్న స్తూపం నదివైపు ఒరిగి ఉంది. దాని కాలి కింది ఒడ్డును నీళ్లు కోస్తూ వచ్చాయి. కోనసీమలో పుట్టినవాడికి లంక అంచు తెగడం ఏమిటో చెప్పనవసరం లేదు. గోదావరి పాయ ఒక్క వరదలో కొబ్బరితోట ఎలా తినేస్తుందో చిన్నప్పుడే చూశాను. ఆ ఒరిగిన స్తూపం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. లంక మీద ఉండేది ఎక్కువగా మోన్ జాతి వాళ్లు. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో బర్మా యుద్ధాలకు పారిపోయి వచ్చి స్థిరపడ్డారు. ఎర్రమట్టి కుండలు చేస్తారు, మెరుగుపూత లేకుండా, పచ్చిగా ఉన్నప్పుడే పూలూ తీగలూ చెక్కుతారు. బర్మావాళ్లు మోన్‌లను తలైంగ్ అనేవారు. ఆ మాట తెలింగాణ నుంచి వచ్చిందని కొందరు పండితులు, కాదని కొందరు ఇంకా వాదించుకుంటున్నారు. నేను ఏ పక్షమూ తీసుకోను. అక్క మాత్రం మంచినీళ్ల కూజా ఒకటి కొని చీర కొంగులో చుట్టుకుంది.

బయల్దేరే ముందురోజు బ్యాంకాక్ మ్యూజియంలో గడిపిన పూట గురించి ఇక్కడ చెప్పాలి. ఎందుకంటే అక్క ఈ ప్రయాణానికి ఒప్పుకున్నది దానికోసమే. అద్దాల వెనక పాత అద్దకం గుడ్డలు ఉన్నాయి. ఎరుపు నేల మీద, మంటల్లాంటి అంచుల మధ్య, చేతులు జోడించిన దేవతలు. బొమ్మలు సయాం గుళ్లలోవి. పనితనం మన కోరమాండల్ తీరానిది. అయుత్థయ కొలువు నుంచి నమూనాలు గీసి పంపితే మన తీరంలో మనవాళ్లు గుడ్డ నేసి, అద్ది, ఓడ ఎక్కించేవారు. థాయ్‌లు వాటిని ఫా లాయ్ యాంగ్ అంటారు, నమూనా ప్రకారం చేసిన గుడ్డ అని. మన అద్దకంవాళ్లు నమూనా లేకుండా, ఆ పద్ధతిని చూసి సొంతంగా గీసినవాటికి ఫా లాయ్ నోక్ యాంగ్ అని వేరే పేరు. అంటే నమూనా బయటిది. కొలువులో ఏ హోదా వాళ్లకు ఏ గుడ్డ అన్నది రాజు నిర్ణయించి ఇచ్చేవాడు. ఉద్యోగి పై మెట్టు ఎక్కాడంటే నడుముకు చుట్టిన గుడ్డ చూసి చెప్పొచ్చు.

అక్క కళ్లద్దాలు తుడుచుకుని అద్దానికి ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది. "ఇది చిరివేరు ఎరుపేరా. ఇప్పటి రంగుల్లో ఈ లోతు రాదు" అంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఇసుక నేలల్లో పెరిగిన చిరివేరు ఎరుపుకి ఆ రోజుల్లో చాలా పేరు. ఏ ముక్క బందరుదో, ఏది ఇంకా దక్షిణపు రేవులదో గుడ్డల పక్కన పెట్టిన చీటీ మీద రాయలేదు. కానీ అక్క చేతివేళ్లు గాల్లో ఆ అంచు గీతను గీస్తూనే ఉన్నాయి, పలక మీద గుడ్డ పరిచినట్టు. నలభై ఏళ్లు అచ్చులు కొట్టిన చెయ్యి అది. నేను ఆ గుడ్డలకంటే ఆ చేతినే ఎక్కువ చూశాను.

బందరు సరుకంతా మేం వెళ్తున్న ఈ నదిమీదే వచ్చిందని అక్కతో అనేద్దామని నాకూ ఉంది, కానీ అది నిజం కాదు. రెండు దార్లుండేవి. బందరు వర్తకులు, ముఖ్యంగా గోల్కొండ రాజ్యపు ముస్లిం వ్యాపారులు, బంగాళాఖాతం దాటి మెర్గుయ్ రేవులో దిగేవారు. అప్పట్లో అది సయాం చేతిలో ఉండేది. అక్కణ్ణించి తెనాసరిమ్ మీదుగా కొండదారిన నడిచి అయుత్థయ చేరేవారు. తిరుగు ఓడల్లో ఏనుగులు ఎక్కించుకునేవారు. సయాం ఏనుగులు సముద్రం మీద ఊగుతూ వచ్చి బందరులో దిగేవి. 1680లలో ఈ వ్యాపారం మీదే చెడి సయాం రాజు నరాయ్ గోల్కొండ మీద యుద్ధానికి దిగాడు. మెర్గుయ్‌లో ఆయన కొలువులో ఉన్న ఇంగ్లీషువాడు శామ్యూల్ వైట్ గోల్కొండ ఓడలను పట్టుకునేవాడు. రెండో దారి మలక్కా జలసంధి చుట్టూ తిరిగి, ఈ నదిలోకి ప్రవేశించి, ఈ మెలికలూ ఈ కాలువలూ దాటి పైకి. డచ్చివాళ్లు ఆ దారిన వచ్చారు. వాళ్ల కంపెనీ 1605లో బందరులో, 1608లో అయుత్థయలో కోఠీ పెట్టింది. కోరమాండల్ గుడ్డలు ఇక్కడ దించి, జపాన్‌కి జింకతోళ్లు, ఎర్రరంగు దిగే చెక్క ఎక్కించుకునేవారు. బందరు డచ్చి సమాధుల మీద చెక్కిన అక్షరాలు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. వాటి కింద పడుకున్నవాళ్లు జమాఖర్చు రాసిన కంపెనీయే ఈ ఒడ్డునా ఖాతాలు రాసింది.

సాయంత్రానికి పథుం థాని జిల్లాలోకి వచ్చాం. ఆ పేరు వినగానే తెలుగు చెవికి పద్మధాని అని వినబడుతుంది, అసలు అదే. పాత పేరు సామ్ ఖోక్. 1815లో రెండో రామ రాజు వచ్చినప్పుడు అక్కడి మోన్ ప్రజలు తామరపూలు తెచ్చి ఇచ్చారట, ఆయన ఊరి పేరు మార్చాడు. ఒక గుడి రేవులో పడవ కట్టారు. పక్క చెట్ల మీద ముక్కు మధ్యలో సందుండే కొంగలు, మన గుంటూరు ఉప్పలపాడు చెరువుకి వచ్చేవే, వందలకొద్దీ సర్దుకుంటూ గోల చేశాయి. నత్తలు తింటాయి. వరిపొలం ఉన్నచోట నత్త ఉంటుంది, నత్త ఉన్నచోట ఇవి ఉంటాయి.

రాత్రి నిద్ర పట్టలేదు. పక్కనుంచి గుర్రపు డెక్కాకు గుబుర్లు తేలుతూ పోతున్నాయి, కిందికి. ఒంటిగంటకి లేచి చూస్తే ఆగిపోయాయి. కొంతసేపటికి అవే గుబుర్లు నెమ్మదిగా ఎగువకు బయల్దేరాయి. సముద్రం పోటు. ఈ మైదానం ఎంత చదునంటే, అయుత్థయ నేల కూడా సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంటుంది. సముద్రం ఊపిరి పీలిస్తే నది ఇంత లోపల కదులుతుంది. పాతకాలం పడవవాళ్లకు ఇదే గడియారం. పోటు ఎక్కితే పైకి, పాటు మొదలైతే కిందికి, మధ్యలో వంట, నిద్ర. ఇంజన్లు రాని రోజుల్లో ఎవరూ నదితో పోట్లాడి ప్రయాణం చెయ్యలేదు.

మర్నాడు బాంగ్ పా-ఇన్. 17వ శతాబ్దంలో ప్రసాత్ థోంగ్ కట్టించిన వేసవి విడిది, అయుత్థయ పడిపోయాక పాడుబడి, 19వ శతాబ్దంలో మళ్లీ లేచింది. చెరువు మధ్యలో 1876 నాటి మండపం బాగుంది. అక్కడ నన్ను ఆపింది చలవరాతి స్మారకం. 1880 మే 31న చులాలోంగ్‌కోర్న్ రాజు భార్య సునంద, తన చిన్న కూతురితో, కడుపులో బిడ్డతో ఈ విడిదికే వస్తుండగా నదిలో పడవ తలకిందులై చనిపోయింది. రాజకుటుంబం ఒంటిని తాకితే మరణశిక్ష కాబట్టి ఒడ్డున ఉన్నవాళ్లు దూకి పట్టుకోలేదని చెబుతారు. ఆమె వయసు పంతొమ్మిది. అక్క ఆ రాయి చుట్టూ ఒకసారి నడిచి, ఏమీ మాట్లాడకుండా వచ్చి పడవలో కూర్చుంది. చాలాసేపటికి, "ఈతొచ్చిన పడవవాళ్లు అంతమంది ఉండి" అని అక్కడితో ఆపేసింది. చిన్నప్పుడు కాలువలో మునుగుతున్న నన్ను జుట్టు పట్టి లాగింది అక్కే.

మధ్యాహ్నం మూడింటికి వాట్ ఫనన్ చేంగ్ దగ్గర చావ్ ఫ్రయాలో పా సక్ నది కలిసే చోటికి వచ్చాం. ఆ గుళ్లో పెద్ద బుద్ధ విగ్రహం 1324 నాటిది, అంటే అయుత్థయ రాజధాని కాకముందే ఉంది. రాజధానిని 1351లో ఉ థోంగ్ రాజు స్థాపించాడు. ఆయన పట్టం కట్టుకున్న పేరు రామాధిపతి, ఊరి పేరు మన అయోధ్య. ఊరు మొత్తం నీళ్ల మధ్య ఉన్న ద్వీపం. మూడు వైపుల నదులు సహజంగా ఉన్నవి, నాలుగో వైపు, తూర్పున, కోట కందకం తవ్వారు. 16వ శతాబ్దం చివర దాన్ని వెడల్పు చేశారు. మేం ఇప్పుడు చూస్తున్న పా సక్ ఆ కందకంలోనే పారుతోంది. ఇక్కడా గుద్దలి ముందు, నది వెనక.

నీళ్లే ఆ ఊరి కోటగోడ. ఏటా వర్షాకాలం చివర నది పొంగి చుట్టూ మైదానం సముద్రమయ్యేది. ముట్టడించిన సైన్యం గుడారాలు పీక్కుని వెళ్లిపోవాల్సిందే. బర్మా సేనలు 1766లో వచ్చినప్పుడు ఊళ్లోవాళ్లు ఆ వరద కోసమే ఎదురుచూశారు. వరద వచ్చింది. బర్మావాళ్లు వెళ్లలేదు. ఎత్తైన గుళ్ల నేలల మీదికి ఎక్కి, పడవలు సమకూర్చుకుని, నీళ్లలోనే కూర్చున్నారు. పద్నాలుగు నెలల ముట్టడి తర్వాత 1767 ఏప్రిల్ 7న గోడ కూలింది, ఊరు కాలిపోయింది. ఎన్నో ఏళ్లు కాపాడిన నీళ్లను నమ్ముకుని కూర్చున్న ఆ జనం గురించి తలుచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. వరద రోజుల్లో కరకట్ట మీద రాత్రి కాపలా కాసినవాణ్ణి. మట్టం ఎప్పుడు పెరుగుతుందో అని భయపడ్డాను కానీ, పెరగాలని దేవుడికి మొక్కుకునే రోజు ఎలా ఉంటుందో నాకు తెలీదు.

తర్వాత జరిగిందే ఈ నదికి సంబంధించినంతలో పెద్ద కథ అని నేననుకుంటాను. తక్సిన్ రాజు కిందికి వెళ్లి థోన్‌బురిలో గద్దె వేశాడు. 1782లో మొదటి రామ రాజు అవతలి ఒడ్డుకు, చైరాచా కోయించిన ఆ కాలువ ఒడ్డుకు, రాజధానిని మార్చాడు. కొత్త కోటగోడలకు ఇటుక కావాలి. అయుత్థయ శిథిలాల నుంచి ఇటుకలు విప్పి, పడవల్లో వేసి, దిగువకు పంపారు. కాలిపోయిన గుడిలోని పెద్ద బుద్ధుడి అవశేషాలను తెచ్చి బ్యాంకాక్ వాట్ ఫో గుడిలో స్తూపం కట్టి అందులో ఉంచారు. ఇంకా ఎగువ సుఖోథయ్ నుంచి కంచు బుద్ధుణ్ణి తెప్పల మీద దించి తెచ్చారు, ఇప్పుడు వాట్ సుథట్‌లో ఉన్నది ఆయనే. చివరికి పేరు కూడా తెచ్చుకున్నారు. థాయ్‌లు క్రుంగ్ థేప్ అని పిలిచే బ్యాంకాక్ పూర్తి పేరు చాలా పొడుగు. అందులో అయుత్థయ అన్న మాట ఒకటి ఉంది. మేం రెండు రోజులు ఎగువకు వచ్చిన దారిన ఒక ఊరికి ఊరే ముక్కలుగా దిగువకు వెళ్లిపోయింది.

వాట్ ఛైవత్థనారాం గట్టున దిగి విడివిడిగా పడి ఉన్న ఇటుకల పక్కన కూర్చున్నాను. సన్నగా, పొడుగ్గా, మన పాత గుళ్ల ఇటుకల్లా ఉన్నాయి. 1630లో కట్టిన గుడి. 2011 వరదలో దీని ప్రాకారం లోపలంతా నీళ్లు నిలబడ్డాయి. నేను ఆ గోడ మీద నీటి మరకలు వెతికాను, పాత అలవాటు. ఎగువన ఛైనాట్ దగ్గర ఆనకట్ట కట్టాలని 1903లోనే హోమన్ వాన్ డెర్ హైడె అనే డచ్చి ఇంజనీరు ప్రణాళిక వేసి ఇచ్చాడు. ఖర్చుకు భయపడి పక్కన పెట్టారు. 1957లో గానీ అది పూర్తి కాలేదు. మన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికే నిలబడింది. అంత ఆలస్యం ఎందుకైందని నాకు బాధగా అనిపించినా, అప్పటివరకు వాళ్లు వరదతోనే వరి పండించారన్నది కూడా నిజమే. నీటితోపాటు ఎదిగే పొడుగు వరి రకాలు ఈ మైదానానివి.

రైల్వే 1897లో ఈ ఊరికి వచ్చింది. జనం అటు మళ్లారు. బరువు మాత్రం నదిని వదల్లేదు. చీకటి పడే ముందు రేవు మెట్ల మీద కూర్చుని ఉండగా ఎగువ మలుపులోంచి ఒక చిన్న లాగుడు లాంచీ వచ్చింది, వెనక తాళ్లతో కట్టిన పెద్ద ఇనుప పడవలు. నిండా ఇసుక. అంచులు నీళ్లకు జానెడు పైన ఉన్నాయంతే. వెనక కొసన ఒక ఇల్లాలు బట్టలు ఆరేస్తోంది, పక్కన కుక్క.

"ఎన్నిరా?" అంది అక్క.

"నాలుగు."

"ఎక్కడికి?"

"బ్యాంకాక్‌కే. కట్టుబడికి."

ఆఖరి పడవ మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత సంచిలోంచి కో క్రెట్ కూజా తీసి, కొంగుతో తుడిచి, పగలలేదు కదా అని మళ్లీ చూసుకుంది.